రాయపూరు కోట — మిగిలిన ఆనవాళ్ళు

రాయపూరు నుండి బిలాస్‌పూరు వైపు ఉత్తరంగా పోయే బాటలో, నగరం వెనుకబడిన కొద్దిసేపటికి సిల్తారా అనే ఊరు వస్తుంది. నేడు ఆ పేరు చెప్పగానే ఛత్తీస్‌గఢ్ వాసికి స్ఫురించేది ఇనుము. స్పాంజి ఇనుము కర్మాగారాలు, వాటి పొగగొట్టాలు, బారులు తీరిన లారీలు, చెట్ల ఆకులమీద పేరుకొన్న నల్లని ధూళి — ఇవే ఆ ఊరి గుర్తులు. ఒక ప్రాచీన దుర్గాన్ని గూర్చి విచారించడానికి ఇంతకంటె అనుచితమైన చోటు ఉండదని తోచవచ్చు. కాని ఆ బాటనే ఇంకా ముందుకు సాగితే సిమ్‌గా వస్తుంది. సిమ్‌గా దాటితే శివనాథ్ నది వస్తుంది. ఈ దేశానికి 36 కోటల నాడు అని పేరు వచ్చిన కాలంలో సిమ్‌గా ఆ కోటలలో ఒకటి. శివనాథ్ నది ఆ ముప్పది ఆరింటిని రెండు పదునెనిమిదులుగా విడదీసిన హద్దు. వెనుకకు తిరిగి చూస్తే రాయపూరు. అది నదికి దక్షిణాన ఉన్న 18 కోటలకు శిరస్సు. సిల్తారాలో నిలిచినవానికి ముందూ కోట పేరే, వెనుకా కోట పేరే. కాని ఏ వైపు చూసినా నిలువెత్తు ప్రాకారం ఏదీ కంటబడదు.

2000 నవంబరు 1న ఒక రాష్ట్రం కోటల పేరుతో ఏర్పడినది. ఆ రాష్ట్రానికి రాజధాని అయిన నగరంలో ఆ నగరపు కోట లేదు. ఈ వైపరీత్యం చరిత్రకారునికి కాదు, సాహిత్యకారునికే ఎక్కువ ఆలోచన కలిగించవలసినది. ఎందుకనగా ఇక్కడ వస్తువు నశించినది, మాట నిలిచినది. నిలిచిన మాటలో నశించిన వస్తువును ఎంతవరకు తిరిగి చూడవచ్చుననేదే ప్రశ్న.

మొదట ఆ మాటను విచారించవలసి ఉన్నది. ‘గఢ్’ అనే మాటను తెలుగులో ‘కోట’ అని అనువదించడం పరిపాటి. నిఘంటువు ప్రకారం అందులో దోషం లేదు. కాని రతన్‌పూరు కలచురుల పరిపాలనలో గఢం అనగా రాళ్ళ కట్టడం మాత్రమే కాదు. అది ఒక పాలనా విభాగం. 12 గ్రామాల సముదాయాన్ని ‘బరహోఁ’ అన్నారు. అటువంటివి ఏడు కలిస్తే 84 గ్రామాల ‘చౌరాసీ’ అయినది. ఆ చౌరాసీకే గఢమని పేరు. గఢానికి అధికారి దివాను, బరహోఁకు దావు, గ్రామానికి గౌంటియా. లెక్క ప్రకారం 18 గఢాలకు 1,512 గ్రామాలు, 36 గఢాలకు 3,024 గ్రామాలు కావాలి. ఆచరణలో ఈ అంకెలు ప్రతిచోటా సరిగా నిలిచి ఉండవు. అడవులూ కొండలూ అంకగణితానికి లోబడవు. అయినా ఆ వ్యవస్థ యొక్క ఊహ ఇది. దీనిని 1868లో బిలాస్‌పూరు శిస్తు బందోబస్తు సందర్భంలో చిషోం గమనించినాడు, 1919లో సి. యు. విల్స్ ఒక సుదీర్ఘ వ్యాసంలో విస్తరించి చూపినాడు.

కనుక ‘36 కోటల నాడు’ అని తెలుగు చేసినప్పుడు పాఠకుని మనస్సులో 36 బురుజుల వరుస లేస్తే అది అనువాదం చేసిన మోసం. అందులోని ప్రతి గఢమూ గోల్కొండ వలె, కొండవీడు వలె ఉండవలసిన పని లేదు. కొన్ని గఢాలకు మట్టికట్టే ప్రాకారమై ఉండవచ్చు. వెదురు పొదలే కొన్నింటికి కావలి కాచి ఉండవచ్చు. ఎనుబది నాలుగు గ్రామాల ధాన్యం చేరే చోటు, తగవులు తీరే చోటు, ఆపద వచ్చినప్పుడు జనం తల దాచుకొనే చోటు — అదే గఢం. తెలుగుదేశంలో ‘సీమ’, ‘నాడు’, ‘స్థలం’ అనే మాటలకు శాసనాలలో ఉన్న అర్థచ్ఛాయ ఈ ‘గఢం’లో కొంత కలిసి ఉన్నది. మాట అర్థం ఇంత విశాలమైనది కాబట్టే, గోడలు పడిపోయిన తరువాత కూడా అది బ్రతుకగలిగినది.

రాయపూరు వైపు 18 గఢాల పేర్లు సంప్రదాయం ఇట్లా చెబుతున్నది: రాయపూరు, పాటన్, సిమ్‌గా, సింగార్‌పూర్, లవన్, అమేరా, దుర్గ్, సారదా, సిర్సా, మోహ్‌దీ, ఖల్లారీ, సిర్‌పూర్, ఫింగేశ్వర్, రాజిమ్, సింఘన్‌గఢ్, సుఅర్‌మార్, టెంగన్‌గఢ్, అకల్‌వాడా. వీటిలో కొన్ని నేడు పట్టణాలు, కొన్ని పల్లెలు. దుర్గ్ పేరులోనే దుర్గం ఉన్నది. సిర్‌పూరులో ఏడవ శతాబ్దపు ఇటుకల లక్ష్మణాలయం నేటికీ నిలిచి ఉన్నది. రాజమాత వాసట కట్టించిన ఆ గుడి ఇటుకలు పదమూడు వందల ఏండ్ల వానలను ఓర్చుకొన్నవి. కాని సిర్‌పూరు పేరు చెప్పినప్పుడు కోట ఎవరికీ గుర్తు రాదు. దేవుని ఇల్లు నిలిచి రాజు ఇల్లు కూలడం మన దేశంలో తరచుగా జరిగినదే. గుడికి నిత్యం దీపం పెట్టేవారు ఉంటారు. కోటకు శత్రువు ఉన్నంతకాలమే కాపు ఉంటుంది.

పేరు పుట్టుకను గూర్చి పండితులలో ఏకాభిప్రాయం లేదు. రాయబహద్దూర్ హీరాలాల్ అభిప్రాయంలో ‘ఛత్తీస్‌గఢ్’ అన్నది ‘చేదీశగఢ్’ అనే మాటకు వికృతి. చేది దేశాధీశులైన కలచురుల గఢమని దాని అర్థం. ఈ ఊహ వినడానికి రమ్యంగా ఉన్నది. కాని రెండు పదునెనిమిదుల లెక్క జనంలో అంత గట్టిగా నాటుకొని ఉండగా, పేర్లతో సహా జాబితా వినిపిస్తూ ఉండగా, అంకెను వదలి శబ్దవికారాన్ని ఆశ్రయించవలసిన అవసరం కనబడదు. పదునెనిమిది అనే అంకె పాతదనడానికి శాసనాధారం కూడా ఉన్నది. దానిని ముందు చూడవచ్చు.

త్రిపురి కలచురులలో ఒక శాఖ పదునొకండవ శతాబ్దారంభంలో దక్షిణ కోసలానికి వచ్చి మొదట తుమ్మాణంలోను, తరువాత రతన్‌పూరులోను రాజ్యం చేసినది. వీరిలో మొదటి జాజల్లదేవుడు వేయించిన 1114 నాటి రతన్‌పూరు శాసనం తెలుగువారికి ఆసక్తి కలిగించేది. అందులో ఆ రాజుకు కానుకలు పంపిన మండలాల పట్టికలో దక్షిణ కోసలంతోపాటు ఆంధ్రం, ఖిమిడి కూడా ఉన్నవి. ఖిమిడి అనగా పర్లాకిమిడి ప్రాంతమని గుర్తించినారు. ప్రశస్తికారులు తమ రాజును పొగడేటప్పుడు ఎంత దూరం పోతారో శాసనసాహిత్యం చదివినవారికి తెలియనిది కాదు. అయినా ఆంధ్రం పేరు ఆ కవికి తెలియడమే ఒక విశేషం. జాజల్లదేవుని కుమారుడు రెండవ రత్నదేవుడు కళింగాధిపతి అయిన చోడగంగును జయించినాడని కలచురి శాసనాలు చెబుతున్నవి. శ్రీముఖలింగంలోని దేవాలయాల గోడలమీద చోడగంగుని దానాలు చదివిన తెలుగు పాఠకునికి ఆ రాజు ఓటమిని రతన్‌పూరు శాసనాలలో చూడడం ఒక విచిత్రానుభవం. ఒక యుద్ధానికి రెండు వైపులా రెండు సాహిత్యాలు ఉంటవి.

బస్తరు అడవుల మీదుగా ఈ రాకపోకలు ఇంకా గాఢమైనవి. బారసూరులో 1060 ప్రాంతపు తెలుగు శాసనం ఒకటి దొరికినది. ఛిందక నాగరాజు ధారావర్షునికి సామంతుడైన చంద్రాదిత్యుడు గుడి కట్టించి చెరువు త్రవ్వించిన సంగతి అందులో ఉన్నది. ఓరుగల్లు పతనం తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు బస్తరులో రాజ్యం స్థాపించినాడని అక్కడి రాజవంశ సంప్రదాయం. 1703 నాటి దంతెవాడ శాసనంలో దిక్పాలదేవుడు తన వంశాన్ని కాకతీయులతో కలిపి చెప్పుకొన్నాడు. బస్తరు ఈ 36 గఢాలలో చేరదు. కాని 36 గఢాల దక్షిణపు అంచున నిలిచి చూస్తే కనబడే అడవి అదే. ఆ అడవి ఆవల గోదావరి.

గఢాల పేర్లు శాసనాలకు ఎక్కిన మరొక సందర్భం రాజిమ్‌లో ఉన్నది. రాజీవలోచనాలయంలోని 1145 నాటి శాసనంలో జగపాలుడనే సేనాధిపతి తన వంశంవారును తానును కలచురి ప్రభువుల కొరకు సాధించిన దుర్గాలను, మండలాలను పేరుపేరున చెప్పుకొన్నాడు. ఆ పేర్లలో కాంకేరును, సిహావా ప్రాంతాన్ని నేటికీ గుర్తుపట్టవచ్చు. అనగా రాయపూరు పుట్టకముందే ఈ సీమ కోటల పేర్లతో లెక్కింపబడుతూ ఉన్నది.

రాయపూరు కథ పదునాలుగవ శతాబ్దంలో ఆరంభమవుతుంది. రతన్‌పూరు వంశంలోని ఒక శాఖ శివనాథ్ నదికి దక్షిణాన వేరు పడినది. ఈ శాఖకు లక్ష్మీదేవుడు మూలపురుషుడు. అతని కుమారుడు సింఘణుడు. సింఘణుని కుమారుడు రామచంద్రుడు. రామచంద్రుని కుమారుడు బ్రహ్మదేవుడు. సింఘణుడు శత్రువుల 18 దుర్గాలను జయించినాడని ఈ వంశపు శాసనం చెబుతున్నది. ‘పదునెనిమిది’ జనశ్రుతిలో కల్పన కాదనడానికి ఇదే ఆధారం. బ్రహ్మదేవుని కాలపు శాసనాలు రెండు లభించినవి. ఒకటి రాయపూరుది; విక్రమ సంవత్సరం 1458, అనగా 1402. హాజిరాజు అనే నాయకుడు హాటకేశ్వరునికి గుడి కట్టించినట్లు అది తెలుపుతున్నది. రెండవది ఖల్లారీది, 1415 నాటిది. దేవపాలుడనే చర్మకారుడు నారాయణునికి ఆలయం కట్టించినట్లు అందులో ఉన్నది. ఈ రెండు శాసనాలనూ మిరాశీ పండితుడు 1955లో వెలువడిన కలచురి శాసన సంపుటంలో పరిష్కరించి ప్రకటించినాడు.

ఖల్లారీ శాసనాన్ని గూర్చి ఒక మాట అదనంగా చెప్పక తప్పదు. 18 కోటలు గెలిచిన సింఘణుని కీర్తి, అతని మనుమని వైభవం, చెప్పులు కుట్టే దేవపాలుని భక్తి — ఈ మూడూ ఒకే రాతిమీద ఉన్నవి. గెలిచిన కోటలు పోయినవి. గెలిచినవారి వంశం పోయినది. ఆ రాజులను నేటికి తెచ్చినది ఒక చర్మకారుడు ఖర్చుపెట్టి చెక్కించిన రాయి. దామోదరమిశ్రుడనే పండితుడు శ్లోకాలు కూర్చినాడు. రాజు కవికి ఆశ్రయమిచ్చిన కథలు మనకు వందలు ఉన్నవి; ఇక్కడ ఒక మోచీ రాజుకు ఆశ్రయమిచ్చినాడు.

రాయపూరు కోటను 1460లో భువనేశ్వరసింహుడు కట్టించినాడని పారంపర్యం. పత్తొమ్మిదవ శతాబ్దపు గెజెటీర్లు కూడా ఆ సంవత్సరాన్నే పేర్కొన్నవి. కోట వెలుపలి ప్రాకారం చుట్టుకొలత ఇంచుమించు ఒక మైలు. దక్షిణాన ఒక పెద్ద చెరువు. దానికే బూఢా తాలాబ్ అని, అనగా ముసలి చెరువని పేరు. కోటా చెరువూ ఒకే కాలంలో ఏర్పడినవని చెబుతారు. మన నీతిశాస్త్రాలు చెప్పిన దుర్గభేదాలలో ఇది స్థలదుర్గం. కాని ఒక పార్శ్వాన జలదుర్గ లక్షణం కూడా పొందినది. కొండ లేని మైదానంలో రాజులకు వేరే ఉపాయం లేదు. చెరువు త్రవ్విన మట్టి గోడకు పనికి వచ్చినది; గోడకు మట్టి తీసిన గుంత చెరువయినది. పంటకు నీరు, కోటకు అగడ్త — రెండు ప్రయోజనాలూ ఒక త్రవ్వకంలో సిద్ధించినవి. తెలుగుదేశంలో కాకతీయుల నాటి చెరువులను ఎరిగినవారికి ఈ తెలివి కొత్తది కాదు.

ఈ కోట నిలిచి ఉండగా చూసి వ్రాసిన పరదేశి ఒకడున్నాడు. అతడు ఈస్టిండియా కంపెనీ కొలువులోని కెప్టెన్ బ్లంట్. 1795లో గంగాతీరంలోని చునార్‌గఢ్ నుండి బయలుదేరి, మధ్య భారతపు అడవుల గుండా, అంతవరకు కంపెనీవారికి సరిగా తెలియని బాటలను కొలుచుకొంటూ దక్షిణానికి వచ్చినాడు. ఆ ప్రయాణ వృత్తాంతం ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ ఏడవ సంపుటంలో అచ్చయినది. ఆ ప్రయాణం ముగిసిన చోటు తెలుగు గడ్డ. ఏలూరు సర్కారులోని యర్నగూడెం! చునార్‌గఢ్ నుండి యర్నగూడెం వరకు అన్నదే ఆ వృత్తాంతపు శీర్షిక. నేటి రాజమహేంద్రవరానికి ఏలూరుకు నడుమ బస్సు ఆగే ఒక చిన్న ఊరి పేరు, రాయపూరు కోటను వర్ణించిన గ్రంథానికి నుదుట వ్రాయబడి ఉన్నది. అతడు పలికిన తీరులో ఆ పేరు ఎంతగానో వికృతి పొందినది. అందుచేత కాబోలు, తెలుగువారి దృష్టి దానిపై అంతగా పడినట్లు కనబడదు.

బ్లంట్ రతన్‌పూరు చూసి రాయపూరుకు వచ్చినాడు. వర్తకులూ ధనికులూ నివసించే పెద్ద పట్టణమనీ, సుమారు 3,000 గుడిసెలు ఉన్నవనీ వ్రాసినాడు. కోట గోడల క్రింది భాగం రాయి, పై భాగం మట్టి; ద్వారాలు ఐదు; బురుజులు అనేకం. ఇంత క్లుప్తమైన వర్ణనలోనే కోట భవిష్యత్తు కూడా ఉన్నది. పైన మట్టి, క్రింద రాయి అయిన గోడకు రెండు మృత్యువులు. మట్టిని వాన తింటుంది. రాతిని మనిషి మోసుకొనిపోతాడు.

బ్లంట్ చూసేనాటికే ఆ కోట లోపల రాజు లేడు. కోట కట్టించిన వంశానికీ కోటకూ సంబంధం తెగి నాలుగు దశాబ్దాలైనది. 1741లో నాగపూరు భోంసలేల సేనాని భాస్కరపంతు రతన్‌పూరుపై దండెత్తినాడు. వృద్ధుడైన రాజు రఘునాథసింహుడు పుత్రశోకంలో ఉన్నాడు, ఎదురు నిలువలేదు. అట్లా రతన్‌పూరు మరాఠాలకు వశమైనది. రాయపూరు ప్రభువు అమరసింహుని 1750 ప్రాంతంలో చడీచప్పుడు లేకుండా అధికారం నుండి తప్పించి, రాయపూరు, పాటన్, రాజిమ్ పరగణాలను సాలీనా 7,000 రూపాయల కప్పానికి అతనికి విడిచినారు. అతడు మరణించిన తరువాత కుమారుడు శివరాజసింహుడు ఆ మూడింటిని కూడా పోగొట్టుకొన్నాడు. 1757లో బింబాజీ భోంసలే అతనికి బడ్‌గావ్‌తో కలిపి కొన్ని గ్రామాలను, రాయపూరు సీమలో ఊరికొక రూపాయి చొప్పున భృతిని ఇచ్చినాడు. ఏడు వందల ఏండ్లు పాలించిన వంశానికి ఊరికొక రూపాయి!

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. కోట అనగానే ముట్టడి, ఫిరంగులు, కోటగుమ్మం పగిలే చప్పుడు, వీరుల మరణం ఊహకు వస్తవి. మన చారిత్రక నవలలూ నాటకాలూ ఆ అలవాటును పెంచినవి. రాయపూరు కోట అంతం అట్లా లేదు. ప్రభువు గవని తెరచుకొని బయటకు నడిచిపోయినాడు. లెక్కలు వ్రాసేవారు లోనికి వచ్చినారు. ఆ లెక్కలు వ్రాసేవారే గఢాన్ని కూల్చినారు. 1790లో విఠల్ దినకర్ అనే మరాఠా సుబేదారు పాత గఢాల విభజనను ఎత్తివేసి దేశాన్ని 27 పరగణాలుగా విభజించినాడు. దివానులు, దావులు పోయి కమావిస్‌దారులు వచ్చినారు. 1818లో మూడవ మరాఠా యుద్ధం తరువాత ఇంగ్లీషువారి పర్యవేక్షణ ఏర్పడినది. కల్నల్ ఆగ్న్యూ పాలనా కేంద్రాన్ని రతన్‌పూరు నుండి రాయపూరుకు మార్చి, ఆ 27 పరగణాలను 8 చేసినాడు. 1854లో నాగపూరు రాజ్యం కంపెనీలో కలిసిపోగా ఈ దేశమూ దానితోపాటు కలిసిపోయినది. అనగా బ్లంట్ ఐదు ద్వారాలూ లెక్కపెట్టే సమయానికే గఢమనే వ్యవస్థ కాగితంమీద చచ్చిపోయి ఐదేండ్లయినది. అతడు చూసినది ప్రాణం పోయిన దేహాన్ని.

తరువాత దేహం కూడా పోయినది. కొత్త పట్టణం పాత ఊరికి ఈశాన్యంగా విస్తరించినది. పాత రాయపూరు దక్షిణ పశ్చిమాలుగా ఖారూన్ నదివైపు, మహాదేవఘాటు దిక్కుగా వ్యాపించి ఉండినది. బజార్లు, కచేరీలు, పటాలపు లైన్లు ఏర్పడినప్పుడు కోట స్థలం పట్టణానికి అడ్డుగా తోచినది. ఒక ముఖ్యమైన బురుజును తొలగించడానికి చాలా శ్రమ పడవలసి వచ్చినదని గెజెటీరు నమోదు చేసినది. ఆ ఒక్క వాక్యమే రాయపూరు కోటకు దక్కిన వీరగాథ. శత్రువుకు ఎదురు నిలువని ఆ గోడ మునిసిపాలిటీ గునపానికి ఎదురు నిలిచినది. మొదట ఇంచుమించు చదరపు మైలు ఆవరించి ఉన్నదని చెప్పే బూఢా చెరువును కూడా ‘అభివృద్ధి’ పేరుతో తగ్గించి, కొంత మేర తోటగా మార్చినారు. 1888లో రైలు వచ్చినది. 1931లో పార్వతీపురం మీదుగా విజయనగరం రైలుమార్గం రాయపూరును కలిసినది. బ్లంట్ నెలల తరబడి నడిచిన అడవిదారికి తూర్పున, ఒక రాత్రిలో తెలుగుదేశం చేరే ఇనుపదారి పడినది. తెలుగు కుటుంబాలు రైల్వే కొలువులకూ వర్తకానికీ ఆ దారిని వచ్చి రాయపూరులో స్థిరపడినవి. వారు దిగేనాటికి అక్కడ కోట ఉండెనని చెప్పే గోడ లేదు.

అయితే మిగిలినది ఏమిటి? అన్నింటికంటె ముందు చెరువు. తగ్గినదైనా బూఢా తాలాబ్ ఉన్నది. దాని ప్రక్క వాడకు బూఢాపారా అని పేరు. బాల్యంలో నరేంద్రనాథుడు, తరువాతి వివేకానందుడు, 1877 నుండి 1879 వరకు తల్లిదండ్రులతో రాయపూరులో ఉన్నాడు. ఆ స్మృతితో చెరువుకు వివేకానంద సరోవరమని కొత్త పేరు పెట్టి, నీటి నడుమ ఆయన విగ్రహాన్ని నిలిపినారు. ఇది గౌరవించదగినదే. కాని జనం నోట పాత పేరు కూడా పోలేదు. ‘బూఢా’ అనే ఆ విశేషణంలో ఒక గణన ఉన్నది: దీనికి తరువాత పుట్టిన చెరువులు చాలా ఉన్నవి, ఇది అన్నింటికీ పెద్దది అని. మహారాజబంధ్, కంకాలీ, తేలీబాంధా మొదలైన చెరువుల పేర్లు కూడా ఎవరు త్రవ్వించినారో, ఎవరి ప్రాపు ఏ నీటికి ఉండెనో జ్ఞాపకం చేస్తవి. రాయపూరు చెరువుల పేర్లన్నీ వరుసగా వ్రాస్తే అది ఆ నగరపు సంక్షిప్త చరిత్ర అవుతుంది.

రెండవది వాడల పేర్లు. పురానీ బస్తీ అన్న మాట కొత్త బస్తీకి ఎదురుగా పుట్టినది. ఊరు కదిలినదని ఆ మాటే చెబుతుంది. బ్రహ్మపురీ అన్న పేరులో బ్రహ్మదేవుని జ్ఞాపకం ఉన్నదో, బ్రాహ్మణవాటికయే ఉన్నదో తేల్చడం కష్టం, రెండర్థాలకూ చోటున్నది. మూడవది మహాదేవఘాటులోని హాటకేశ్వరుడు. 1402 నాటి శాసనంలో వినబడిన దేవుని పేరు ఖారూన్ ఒడ్డున నేటికీ పూజలందుకొంటున్నది. నాలుగవది వస్తుప్రదర్శనశాల. 1875లో నందగావ్ పాలకుడైన మహంతు ఘాసీదాసు ఔదార్యంతో ఏర్పడిన ఆ సంస్థ దేశంలోని పాత ప్రదర్శనశాలలలో ఒకటి. దాని కొత్త భవనాన్ని 1953లో బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. గోడలు కూలిన దేశంలో శిలలు ఒక గదిలో గోడలకు ఆనుకొని నిలబడి ఉన్నవి.

ఐదవది, సాహిత్యకారులకు ముఖ్యమైనది, వ్రాతలో మిగిలిన జ్ఞాపకం. రతన్‌పూరులో పదిహేడవ శతాబ్దాంతాన గోపాలమిశ్రుడు ‘ఖూబ్ తమాషా’ అనే కావ్యం వ్రాసినాడు. పంతొమ్మిదవ శతాబ్దంలో అక్కడివాడే అయిన బాబూ రేవారామ్ హైహయ రాజుల చరిత్రను హిందీలో సంకలనం చేసినాడు. ఇంగ్లీషు అధికారులు తమ నివేదికలలో వాడుకొన్న వంశావళులు చాలావరకు ఇటువంటి స్థానిక పండితుల కాగితాలే. అధికారి పేరు గ్రంథం అట్టమీద నిలిచినది. కాగితం ఇచ్చినవాని పేరు లోపలి పుటల్లో నిలిస్తే అదృష్టం. తెలుగుదేశపు కైఫీయతులు వ్రాసిన కరణాల గతి ఎరిగినవారికి ఇది తెలిసిన కథే. మెకంజీ పేరు అందరికీ తెలుసును. ఊరి కవిలెకట్ట విప్పి చదివి వినిపించిన కరణం పేరు ఎందరికి తెలుసును?

తెలుగు పట్టణాలలో కూడా ఇటువంటి ఆనవాళ్ళు లేకపోలేదు. రాజమహేంద్రవరంలో కోటగుమ్మం అన్నచోట నేడు గుమ్మం లేదు, కోట లేదు; ఆ పేరుతో రద్దీగా ఉండే కూడలి ఉన్నది. నెల్లూరులో కోటమిట్ట ఒక పేట. కర్నూలులో కోట ప్రాకారాలు పోగా కొండారెడ్డి బురుజు ఒంటరిగా నిలిచినది. మూడు పట్టణాలు మూడు దశలను చూపుతున్నవి: ఒకచోట బురుజు, ఒకచోట మిట్ట, ఒకచోట మాట. రాయపూరులో బురుజు కూడా లేదు. చెరువూ మాటా ఉన్నవి. కూలిన కోటను గూర్చి విచారించేవాడు గోడనే వెదికితే రిక్తహస్తాలతో తిరిగి వస్తాడు. గోడకు మట్టి ఇచ్చిన గుంతను, గోడ పేరున పుట్టిన వాడను, గోడను తలచుకొన్న పద్యాన్ని వెదికితే కోట రూపురేఖలు కొంతవరకు కుదురుతవి.

ఈ ఆనవాళ్ళకు ఇప్పుడున్న ప్రమాదం శత్రువు వలన కాదు, వాన వలన కూడా కాదు. చెరువులు పూడితే, వాడల పేర్లు మారితే, ఆ మార్పును కోట కూలినంతటి సంగతిగా ఎవరూ భావించరు. బురుజును తొలగించడానికి శ్రమ పడవలసి వచ్చినది; పేరును తొలగించడానికి ఒక తీర్మానం చాలును. చెరువును తొలగించడానికి అది కూడా అక్కరలేదు. కట్టమీద ఒక్కొక్క బండి మట్టి పోస్తూ పోతే సరి. అందుచేత మిగిలినవాటిలో అన్నింటికంటె దృఢమైనవనుకొన్నవే నిజానికి అన్నింటికంటె బలహీనమైనవి.

అనువాదకునికి కూడా ఇందులో ఒక బాధ్యత ఉన్నది. ఇరుగుపొరుగు భాషల చరిత్రలను, కథలను తెలుగులోకి తెచ్చేటప్పుడు గఢానికి కోట అని వ్రాసి ఊరుకొంటే 84 గ్రామాలు ఆ ఒక్క మాటలో మునిగిపోతవి. దివాను, దావు, గౌంటియా అదృశ్యులవుతారు. రాజూ బురుజూ మాత్రం మిగులుతారు. గోడలు పోయిన తరువాత కూడా నిలిచినది ఆ గ్రామాల సముదాయమే కనుక, ఆ సముదాయాన్ని మాటలో నిలపడం అనువాదంలో సత్యం పాటించడమే అవుతుంది. ‘గఢం’ అనే మాటను తెలుగు విభక్తితో అట్లాగే వాడి, మొదటిసారి దాని అర్థం వివరించడం మేలు. పరగణా, తాలూకా, జిల్లా అనే పరభాషా పదాలను తెలుగు ఇముడ్చుకొన్నది, గఢాన్ని ఇముడ్చుకొనలేకపోదు.

సిల్తారా బాట మీద నేటికీ రాత్రింబవళ్ళు బండ్లు నడుస్తవి. ఇనుము ఉత్తరానికీ దక్షిణానికీ పోతుంది. అందులో కొంత తెలుగు పట్టణాలలో ఇండ్ల కప్పులకూ చేరుతుంది. ఆ బండ్లు శివనాథ్ వంతెన దాటేటప్పుడు ఒక పదునెనిమిది నుండి మరొక పదునెనిమిదిలోనికి ప్రవేశిస్తవి. నడిపేవానికి ఆ సంగతి తెలియదు. తెలియవలసిన అక్కర కూడా లేదు. కాని బాట ప్రక్కన సిమ్‌గా అనే పేరు ఉన్నంతవరకు, రాయపూరులో ముసలి చెరువును ముసలి చెరువనే పిలిచేవారు ఉన్నంతవరకు, అడిగేవాడు ఒకడు వస్తే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ అడిగేవాడు వచ్చేవరకు ఆ పేర్లను కాపాడడం, ఖల్లారీలో దేవపాలుడు ఖర్చుపెట్టి చెక్కించిన రాయి వలె, రాజులు కానివారు చేయవలసిన పని.